60 హెచ్‌ఆర్‌సీ అన్న అంకె చెప్పని సంగతులు: గట్టిపరిచిన టూల్ స్టీలుకు కట్టింగ్ టూల్ ఎంపిక

హార్డెనింగ్ పూర్తయిన డై (లోహానికి ఆకారమిచ్చే అచ్చు) ముక్క మెషీన్ టేబుల్ మీదికి ఎక్కగానే మొదట వినిపించే ప్రశ్న, “హార్డ్‌నెస్ ఎంత?” అరవై అని జవాబు రాగానే కేటలాగు తెరిచి, 60 హెచ్‌ఆర్‌సీకి (రాక్‌వెల్ సి స్కేలు మీద కాఠిన్యం) పనికొస్తుందని రాసివున్న ఎండ్‌మిల్‌నో (తిరుగుతూ కోసే పళ్ల టూల్) ఇన్సర్ట్‌నో (హోల్డర్‌కు బిగించి, అరిగాక మార్చే కోత ముక్క) తెప్పిస్తారు. అది పది నిమిషాల్లో అంచు ఊడితే మరింత ఖరీదైనది వస్తుంది. రెండోదీ అలాగే పోతుంది. ఇలా పోయిన టూళ్లలో చాలావాటికి నాణ్యత లోపం ఉండదు. వాటిని ఎంచుకునే ముందు ఒక్క ప్రశ్నే అడగడం అసలు లోపం. ఆ స్టీలు లోపల ఏ రకం కార్బైడ్ గింజలు (కార్బన్ లోహంతో కలిసి ఏర్పడే అతి గట్టి రేణువులు) ఉన్నాయి, కోత ఏకధాటిగా సాగుతుందా లేక తగులుతూ తెగుతూ సాగుతుందా, టూల్ హోల్డర్‌లోంచి ఎంత పొడవు బయటికి వచ్చి ఉంది అన్న మూడు విషయాలూ హార్డ్‌నెస్‌తో సమానంగా, కొన్నిచోట్ల అంతకంటే ఎక్కువగా, టూల్ ఆయుష్షును తేలుస్తాయి.

అంకె వెనక ఏముంది

రాక్‌వెల్ సి పరీక్షలో వజ్రపు శంకువును 150 కిలోల బలంతో లోహంలోకి నొక్కి, అది ఎంత లోతు దిగిందో చూస్తారు. ఫలితం నిమిషంలో వస్తుంది కాబట్టే అందరూ దాన్నే నమ్ముకుంటారు. అయితే ఈ స్కేలు మెట్లు సమానంగా ఉండవు. విక్కర్స్ అనే మరో కాఠిన్య కొలతలోకి మార్చి చూస్తే 45 హెచ్‌ఆర్‌సీ దాదాపు 446, 60 హెచ్‌ఆర్‌సీ దాదాపు 697. రాక్‌వెల్‌లో 15 అంకెలుగా కనిపించే తేడా నిజానికి ఒకటిన్నర రెట్ల పైమాట. పైకి పోయేకొద్దీ మెట్టు ఇంకా నిటారవుతుంది. 45 నుంచి 49కి వెళ్తే విక్కర్స్‌లో 50 చిల్లర పెరుగుతుంది, 58 నుంచి 62కి వెళ్తే 90 దాటుతుంది. 58 దగ్గర సాఫీగా నడిచిన స్పీడునూ ఫీడునూ (టూల్ ముందుకు సాగే మోతాదు) “నాలుగు అంకెలే కదా ఎక్కువ” అని 62 మీద అలాగే వాడితే టూల్ ఎందుకు తట్టుకోలేదో ఈ లెక్కలోనే కనిపిస్తుంది.

ఇంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. శంకువు దిగిన చోట మెత్తని భాగమూ గట్టి గింజలూ కలిసి ఒకే అంకెగా బయటపడతాయి. ఆ కలగలుపులో ఏది ఎంతన్నది అంకె చెప్పదు. ఓ1, డి2 అనే రెండు కోల్డ్‌వర్క్ స్టీళ్లను (చల్లని లోహం మీద పనిచేసే టూళ్లకు వాడేవి) చూడండి. ఓ1లో కార్బన్ సుమారు 0.9 శాతం, క్రోమియం అర శాతం. డి2లో కార్బన్ 1.5 శాతం, క్రోమియం 12 శాతం. కరిగిన డి2 గడ్డకట్టేటప్పుడే పెద్ద పెద్ద క్రోమియం కార్బైడ్ గింజలు పుట్టి, తర్వాత రోలింగ్‌లో ఒకే దిశకు బారులు తీరతాయి. ఒక్కో గింజ కాఠిన్యం 1500 విక్కర్స్ పైనే. రెండు స్టీళ్లనూ సరిగ్గా 60 హెచ్‌ఆర్‌సీకే గట్టిపరిచినా, ఓ1 మీద మామూలుగా అరిగే అంచు డి2 మీద సానరాయికి పట్టినట్టు అరిగిపోతుంది. వెనేడియం ఎక్కువ కలిపిన పౌడర్ మెటలర్జీ (లోహపు పొడిని అదిమి చేసే) స్టీళ్ల సంగతి మరీ కఠినం. వాటిలోని వెనేడియం కార్బైడ్ దాదాపు 2800 విక్కర్స్ ఉంటుంది. అంటే కార్బైడ్ ఎండ్‌మిల్‌లోని టంగ్‌స్టన్ కార్బైడ్ గింజకంటే ఎక్కువ. కోయవలసిన జాబ్‌లోని గింజ కోసే టూల్‌లోని గింజకన్నా గట్టిదైనప్పుడు, కేటలాగులోని స్పీడు పట్టికను సగానికి తగ్గించి మొదలుపెట్టడమే మేలు.

దీనికి పూర్తి వ్యతిరేకం హెచ్13. డై కాస్టింగ్ డైలలో కనిపించే ఈ హాట్‌వర్క్ స్టీలులో కార్బన్ 0.4 శాతమే. సాధారణంగా 44 నుంచి 52 హెచ్‌ఆర్‌సీ మధ్య వాడతారు. పెద్ద గింజలు లేవు కాబట్టి మంచి కోటింగ్ ఉన్న కార్బైడ్ ఎండ్‌మిల్ దీన్ని గంటల తరబడి కోస్తుంది. గట్టిపరిచిన స్టీలు మిల్లింగ్ మీద చెప్పే విజయగాథల్లో సగం హెచ్13 మీద వచ్చినవే. వాటిని డి2కి అన్వయించుకుంటే నిరాశ తప్పదు.

ఇంకో జాగ్రత్త. డ్రాయింగులో 58 నుంచి 60 అని ఉన్నంతమాత్రాన ముక్క అంతే ఉంటుందనుకోకూడదు. హీట్ ట్రీట్‌మెంట్‌లో పైపొర కార్బన్ కోల్పోతే అక్కడ పరీక్ష తక్కువ చూపిస్తుంది, అర మిల్లీమీటరు లోపలికి వెళ్లగానే అసలు కాఠిన్యం ఎదురవుతుంది. పైన పట్టిన ఆక్సైడ్ పెచ్చు కూడా అంచును గీరి పాడుచేస్తుంది. మొదటి పాస్ ఆ పెచ్చు కిందికి దిగేలా ఇవ్వాలి, దాని మీదే పాకుతూ పోకూడదు.

కార్బైడ్, సిరామిక్, సీబీఎన్

హైస్పీడ్ స్టీలును మొదటే పక్కనపెట్టవచ్చు. దాని కాఠిన్యమే 62 నుంచి 66 హెచ్‌ఆర్‌సీ. తనంత గట్టిదాన్ని తానే కోయడం ఎవరి వల్లా కాదు. 45 దాటాక దానికి చోటు లేదు.

కార్బైడ్ అంటే టంగ్‌స్టన్ కార్బైడ్ గింజలను కోబాల్ట్‌తో అతికించినది. 1923లో జర్మనీలోని ఓస్రామ్ సంస్థలో కార్ల్ ష్రోటర్ దీన్ని తయారుచేసినప్పుడు ఉద్దేశం బల్బు ఫిలమెంటు తీగ లాగే డైలకు వజ్రం బదులు వాడటమే. ఈ రోజు గట్టి స్టీలు మిల్లింగ్ దాదాపు మొత్తం దీని మీదే నడుస్తోంది. అయితే కార్బైడ్ అన్న పేరు కింద చాలా రకాలున్నాయి. గట్టి స్టీలుకు గింజ పరిమాణం ఒక మైక్రాన్ లోపు, వీలైతే అర మైక్రాన్ లోపు ఉండాలి. సన్నగింజ ఉన్నప్పుడే అంచు పదునుగా నిలిచి, చిన్న చిన్న పెచ్చులుగా రాలకుండా ఉంటుంది. కోబాల్ట్ పెరిగితే దెబ్బకు ఓర్చుకునే గుణం పెరుగుతుంది, కాఠిన్యం తగ్గుతుంది. అందుకే లోతైన పాకెట్‌లో ఊగే పొడవాటి టూల్‌కూ, బిగువుగా పట్టిన పొట్టి టూల్‌కూ ఒకే గ్రేడు సరిపోదు.

కోటింగ్ మందం రెండు నుంచి నాలుగు మైక్రాన్లే అయినా దాని పాత్ర చాలా పెద్దది. బంగారు రంగు టైటానియం నైట్రైడ్ 500, 600 డిగ్రీల దగ్గరే ఆక్సీకరణ చెందడం మొదలుపెడుతుంది, గట్టి స్టీలు పుట్టించే వేడికి అది నిలవదు. అల్యూమినియం ఎక్కువగా ఉండే టైటానియం నైట్రైడ్ కోటింగ్‌ల తీరు వేరు. వేడెక్కేకొద్దీ పైన పలచని అల్యూమినా పొర ఏర్పడి, కింది పొరను కాపాడుతుంది. అంటే ఈ కోటింగ్‌కు తన సత్తా చూపించడానికి కొంత వేడి కావాలి. భయపడి మరీ నెమ్మదిగా తిప్పితే ఆ పొర ఏర్పడదు, అంచు రుద్దుకుంటూ పోతుంది. సిలికాన్ కలిపిన కోటింగ్‌లు 55 దాటిన స్టీళ్ల మీద బాగా నిలుస్తాయి. అల్యూమినియం క్రోమియం నైట్రైడ్ వేడికి ఇంకా ఎక్కువ ఓర్చుతుంది, వెయ్యి డిగ్రీల దాకా చెక్కుచెదరదు.

సిరామిక్ విషయంలో ఎక్కువ చెప్పవలసింది లేదు. అల్యూమినాలో టైటానియం కార్బైడ్ కలిపిన నల్ల సిరామిక్ 50 నుంచి 60 మధ్య ఏకధాటి టర్నింగ్‌లో బాగా పనిచేస్తుంది, కింద చెప్పబోయే సీబీఎన్‌కంటే చాలా చవక. కోత మధ్యలో ఒక్క కీవే (కీ కూర్చునే గాడి) వచ్చినా, కూలెంట్ చుక్కలు చుక్కలుగా పడినా పగులుతుంది. సిలికాన్ కార్బైడ్ మీసాలు కలిపిన సిరామిక్‌ను స్టీలు మీద పెట్టకూడదు, ఇనుముతో అది రసాయనికంగా కలిసి తినేయబడుతుంది. దాని పని నికెల్ మిశ్రమాల మీదే.

వజ్రం సంగతి కూడా ఇలాంటిదే. లోకంలోకెల్లా గట్టి పదార్థమైనా ఇనుమును కోయడానికి పనికిరాదు. వజ్రమంటే కార్బన్. కోత వేడికి అది గ్రాఫైట్‌గా మారి ఇనుములో కరిగిపోతుంది. ఆ ఖాళీని నింపినది క్యూబిక్ బోరాన్ నైట్రైడ్, అందరూ పిలిచే పేరు సీబీఎన్. 1957లో జనరల్ ఎలక్ట్రిక్‌లో రాబర్ట్ వెంటార్ఫ్ దీన్ని సృష్టించాడు. కాఠిన్యంలో వజ్రం తర్వాతి స్థానం దీనిదే, ఇనుముతో రసాయనిక వైరం మాత్రం లేదు. 58 నుంచి 62 హెచ్‌ఆర్‌సీ టర్నింగ్‌లో నిమిషానికి 100 నుంచి 200 మీటర్ల వేగం, 0.05 నుంచి 0.15 ఫీడు, 0.1 నుంచి 0.3 మిల్లీమీటర్ల లోతు దీనికి సహజమైన పరిధి. సరిగ్గా నడిస్తే గ్రైండింగ్‌ను పూర్తిగా తప్పించేంత నునుపు వస్తుంది.

సీబీఎన్ కొనేటప్పుడు చాలామంది పొరబడే చోటు ఒకటుంది. సీబీఎన్ శాతం ఎక్కువైతే మంచిదని అనుకుంటారు. గట్టి స్టీలును ఏకధాటిగా ఫినిష్ చేయడానికి నిజానికి తక్కువ శాతం గ్రేడే మేలు. 45 నుంచి 65 శాతం సీబీఎన్, మిగతాది టైటానియం నైట్రైడ్ లేదా కార్బైడ్ బైండర్ (గింజలను అతికించే పదార్థం) ఉండే ఈ గ్రేడు వేడిని త్వరగా లోపలికి పీల్చుకోదు. వేడి చిప్ (కోతలో ఊడే లోహపు పొట్టు) పుట్టే చోటే నిలిచి, అక్కడి స్టీలును మెత్తబరుస్తుంది. టూల్ మెత్తబడిన లోహాన్ని కోసి ముందుకు సాగుతుంది, వేడి చిప్‌తోపాటే ఎగిరిపోతుంది. పైగా బైండర్ రసాయనికంగా నిలకడైనది కాబట్టి ఇన్సర్ట్ పైముఖం మీద గుంట పడటం ఆలస్యమవుతుంది. 80 నుంచి 95 శాతం ఉండే గ్రేడు దెబ్బలకు ఓర్చుకుంటుంది. పోత ఇనుము, సింటర్డ్ భాగాలు, బాగా తెగిపోయే కోత ఉన్న చోట్లు దానివి. ఇన్సర్ట్ పెట్టె మీది ఐఎస్ఓ గుర్తుల్లో బీఎల్ అంటే తక్కువ శాతం, బీహెచ్ అంటే ఎక్కువ శాతం. బూడిద రంగు హెచ్ అక్షరం గట్టిపరిచిన లోహాల వర్గానిది.

45 కంటే మెత్తని స్టీలు మీద సీబీఎన్ పెట్టడం డబ్బు పారబోసుకోవడమే. మెత్తని లోహం మీద అది ఆశ్చర్యంగా వేగంగా అరుగుతుంది. పైపొర మాత్రమే గట్టిపడిన కేస్ హార్డెన్డ్ ముక్కలో లోతు ఎక్కువ ఇచ్చి లోపలి మెత్తని భాగంలోకి దిగితే కూడా ఇదే జరుగుతుంది.

అంచు దగ్గరికి వెళ్లి చూస్తే

భూతద్దం కింద పెడితే గట్టి స్టీలు కోసే ఇన్సర్ట్ అంచు కత్తిలా ఉండదు. అంచు పొడవునా ఒక సన్నని చాంఫర్ (వాలుగా చెక్కిన పట్టీ), దాని మూలల్లో గుండ్రని హోన్ (నూరి గుండ్రపరిచిన అంచు) కనిపిస్తాయి. ఇన్సర్ట్ కోడులో ఎఫ్ అంటే పదును అంచు, ఇ అంటే హోన్, టి అంటే చాంఫర్, ఎస్ అంటే రెండూ. వెంబడి 01020 అని ఉంటే చాంఫర్ వెడల్పు 0.10 మిల్లీమీటరు, వాలు 20 డిగ్రీలు. ఈ చిన్న వాలు కోత బలాన్ని అంచు మొన మీదనుంచి మళ్లించి ఇన్సర్ట్ ఒంట్లోకి పంపుతుంది. ఒత్తిడికి నలిగినా పగలకుండా ఓర్చుకోగల పెళుసు పదార్థానికి అదే ప్రాణరక్షణ. తెగే కోత ఉన్నప్పుడు చాంఫర్ వెడల్పు పెంచాలి, ఏకధాటి కోతకు తగ్గించాలి. ఒకే గ్రేడు, ఒకే ఆకారం ఉన్న రెండు ఇన్సర్ట్‌లలో ఒకటి నిలిచి ఒకటి పోయిందంటే, మొదట చూడవలసింది ఈ అయిదు అంకెలనే.

అంచు గుండ్రంగా ఉన్నందున ఫీడు తగ్గించడానికీ ఒక హద్దుంది. నునుపు లెక్క చూస్తే, 0.8 మూల వ్యాసార్థంతో 0.1 ఫీడు ఇచ్చినప్పుడు ఉపరితలం మీద గరుకు గీతల ఎత్తు సిద్ధాంతపరంగా సుమారు 1.6 మైక్రాన్లు. ఫీడు సగం చేస్తే అది నాలుగో వంతుకు, 0.4కు పడిపోతుంది. కాగితం మీద బాగుంది కదా అని ఫీడును అలాగే తగ్గిస్తూ పోతే చిప్ మందం హోన్ వ్యాసార్థంకంటే తక్కువైపోతుంది. అప్పుడు అంచు కోయడం మాని రుద్దడం మొదలుపెడుతుంది, వేడి పెరిగి నునుపు చెడుతుంది. మిల్లింగ్‌లో ఈ తప్పు ఇంకా తేలిగ్గా జరుగుతుంది. టూల్ వ్యాసంలో 5 శాతం మాత్రమే పక్కనుంచి తగిలిస్తే, పంటికి 0.05 ఫీడు ఇచ్చినా అసలు చిప్ మందం 0.022 దగ్గరే ఉంటుంది. సన్నని కోతకు ఫీడు పెంచాలి. కొత్తవాళ్లకు ఇది ఎంత చెప్పినా చేయి రాదు.

బాల్‌నోస్ మోసం

డై కుహరాలు ఫినిష్ చేసేది ఎక్కువగా కొన బంతిలా గుండ్రంగా ఉండే బాల్‌నోస్ ఎండ్‌మిల్లే. 6 మిల్లీమీటర్ల బాల్‌నోస్‌ను 10,000 ఆర్‌పీఎం మీద తిప్పుతున్నామనుకుందాం. ఆరు వ్యాసం లెక్కన వేగం నిమిషానికి 188 మీటర్లు వస్తుంది, 60 హెచ్‌ఆర్‌సీకి అది మరీ ఎక్కువని అనిపిస్తుంది. కానీ లోతు 0.1 మాత్రమే ఇచ్చి సమతలం మీద నడిపితే లోహాన్ని తాకే భాగం వ్యాసం 1.54 మిల్లీమీటర్లే. అసలు కోత వేగం 48 మీటర్లు. బంతి కొన దగ్గర, సరిగ్గా కేంద్రంలో, వేగం సున్నా. అక్కడ టూల్ కోయదు, నూరుతుంది. 188 అని కంగారుపడి ఆర్‌పీఎం సగం చేస్తే అసలు వేగం 24కు పడి కొన ఇంకా త్వరగా పోతుంది.

అదే టూల్‌ను 15 డిగ్రీలు వంచి నడిపితే తాకే వ్యాసం దాదాపు 3 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, వేగం 94 మీటర్లకు చేరుతుంది, సున్నా వేగం ఉన్న కొన లోహానికి దూరంగా ఉంటుంది. అయిదు అక్షాల మెషీన్ లేని చోట జాబ్‌నే వంచి బిగించినా ఫలితం ఇదే. అదీ కుదరకపోతే సమతలాల వరకైనా బాల్‌నోస్ మాని, మూల వ్యాసార్థం ఉన్న బుల్‌నోస్ వాడటం మంచిది. పూర్తిగా చదునైన, పదును మూల ఉన్న ఎండ్‌మిల్ మాత్రం ఈ స్టీళ్లలో మూల దగ్గరే మొదట పోతుంది. డ్రాయింగు ఒప్పుకుంటే 0.3 వ్యాసార్థమైనా తీసుకోవాలి.

పట్టు ఎలా ఉంది

టూల్ కొనకు వచ్చే వంపు, బయటికి వచ్చిన పొడవుకు ఘనంగానూ వ్యాసానికి నాలుగో ఘాతంలో విలోమంగానూ ఉంటుంది. పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లు. 8 బదులు 10 మిల్లీమీటర్ల టూల్ పెడితే వంపు సగంకంటే తక్కువ. గట్టి స్టీలు తిరిగి నెట్టే బలం ఎక్కువ కాబట్టి ఈ లెక్క ఇక్కడ మరీ కఠినంగా వర్తిస్తుంది. నాలుగు మిల్లీమీటర్లు అనవసరంగా బయటికి లాగి బిగించిన ఎండ్‌మిల్, గ్రేడు ఎంత మంచిదైనా చాటర్‌తో (కోతలో పుట్టే కంపనంతో) పెచ్చులూడుతుంది.

రనౌట్ (తిరిగేటప్పుడు టూల్ కేంద్రం తప్పి ఊగడం) కూడా అంతే. పంటికి 0.03 ఫీడు ఇస్తున్నప్పుడు టూల్ 0.02 అటూఇటూ ఊగుతుంటే ఒక పన్ను రెట్టింపుకు దగ్గరగా భారం మోస్తుంది, ఎదురు పన్ను దాదాపు ఖాళీగా తిరుగుతుంది. భారం మోసిన పన్ను ముందు పోతుంది, ఆ తర్వాత మిగతావి. అరిగిన కోలెట్‌లో (టూల్‌ను బిగించే చీలికల గొట్టం) ఖరీదైన ఎండ్‌మిల్ పెట్టడంకంటే, ష్రింక్‌ఫిట్ (వేడిచేసి టూల్ దూర్చి, చల్లారాక బిగిసే) లేదా హైడ్రాలిక్ హోల్డర్‌లో మధ్యరకం ఎండ్‌మిల్ పెట్టడం ఎక్కువ లాభం. ఉన్న డబ్బులో ముందు హోల్డర్ కొనాలి.

కూలెంట్ గురించి కేటలాగులు నొక్కి చెప్పే మాట సరైనదే. కార్బైడ్‌తో గట్టి స్టీలు మిల్లింగ్‌లో పన్ను ఒక క్షణం కోసి ఒక క్షణం గాలిలో ఉంటుంది. ఆ గాలిలో ఉన్న క్షణంలో నీళ్లు పోస్తే వేడి చలవల దెబ్బకు అంచు మీద దువ్వెన పళ్లలా పగుళ్లు వస్తాయి. గట్టిగా ఊదే గాలి, లేదా సన్నని ఆయిల్ మిస్ట్ సరిపోతుంది. గాలి ముఖ్యమైన పని చల్లబరచడం కాదు, పాకెట్‌లోంచి చిప్‌ను బయటికి ఊడ్చడం. కోసిన చిప్ మళ్లీ అంచు కింద పడితే ఏ కోటింగూ కాపాడలేదు.

రంధ్రాలు, మరలు

వీలైనంతవరకు వీటిని హార్డెనింగ్‌కు ముందే ముగించాలి. తప్పనిసరైతే మందమైన నడుము, 140 డిగ్రీల మొన ఉన్న పొట్టి కార్బైడ్ డ్రిల్ కావాలి. రంధ్రం అవతలికి తేలే చోట ఫీడు తగ్గించకపోతే అక్కడే విరుగుతుంది. మరలకు ట్యాప్ (రంధ్రంలోకి తిప్పి మర కోసే టూల్) కంటే థ్రెడ్‌మిల్ (రంధ్రంలో చుట్టూ తిరుగుతూ మర కోసే సన్నని టూల్) వందపాళ్లు నయం. ట్యాప్ విరిగితే రంధ్రంలో బిగుసుకుని, స్పార్క్ ఎరోజన్ మెషీన్ (విద్యుత్ మెరుపులతో లోహాన్ని కరిగించేది) మీదికి ఎక్కించి తినిపించాలి. థ్రెడ్‌మిల్ రంధ్రంకంటే సన్నది, విరిగినా ముక్క కిందికి రాలిపోతుంది, డై బతుకుతుంది. ఎన్నో గంటల పని పెట్టిన డైలో చివరి మర మీద పందెం కట్టకూడదు.

ఎప్పుడు మార్చాలి

గట్టి స్టీలులో టూల్ ఇంకా కోస్తోందన్నంతమాత్రాన దాన్ని కొనసాగించకూడదు. పక్కముఖం మీద అరుగుదల పట్టీ పెరిగేకొద్దీ రాపిడి వేడి జాబ్ ఉపరితలంలోకి దిగుతుంది. ఆ వేడికి ఒక పలచని పొర క్షణంలో ఎర్రబడి, వెంటనే లోపలి చల్లని లోహం వల్ల మళ్లీ గట్టిపడి, టెంపరింగ్ (పెళుసుతనం తగ్గించే మలివేడి) లేని పెళుసు మార్టెన్‌సైట్‌గా (గట్టిపడిన స్టీలు నిర్మాణం) మిగులుతుంది. ముక్క కోసి, పాలిష్ చేసి, నైట్రిక్ ఆమ్లం ఆల్కహాల్ కలిపిన నైటాల్‌తో తుడిచి మైక్రోస్కోపు కింద పెడితే ఆ పొర ఆమ్లానికి లొంగక తెల్లగా కనిపిస్తుంది. వైట్ లేయర్ అన్న పేరు దానికి అలా వచ్చింది. మందం కొన్ని మైక్రాన్లే. కొలతలో తెలియదు, కంటికి ఉపరితలం ఇంకా మెరుస్తూనే ఉంటుంది. దాని కింద లాగుడు ఒత్తిడి నిలిచిపోయి, పంచ్ వేల దెబ్బలు తినే చోట అక్కడినుంచే పగులు మొదలవుతుంది. సాధారణ టర్నింగ్‌లో 0.3 మిల్లీమీటరు అరుగుదల వరకు ఇన్సర్ట్ వాడటం అలవాటు. డై, పంచ్ పనిముఖాల ఫినిషింగ్‌లో 0.1 నుంచి 0.15 దగ్గరే మార్చేయాలి.

మార్చే ముందు పాత అంచును ఒకసారి భూతద్దంలో చూడాలి. పట్టీ సమంగా, నున్నగా అరిగి ఉంటే ఎంపిక సరైనదే, ఆయుష్షు ఇంకా కావాలంటే వేగం కొద్దిగా తగ్గించవచ్చు. చిన్న పెచ్చులు రాలి ఉంటే వేగం జోలికి వెళ్లకుండా ముందు రనౌట్, బయటికి వచ్చిన పొడవు, చాంఫర్ వెడల్పు చూడాలి. పైముఖం మీద గుంట లోతుగా పడి ఉంటే వేడి ఎక్కువైంది, సీబీఎన్ అయితే తక్కువ శాతం గ్రేడుకు మారాలి. బాల్‌నోస్ కొన మాత్రమే చదునై, పక్కలు కొత్తవాటిలా ఉంటే టూల్‌ను వంచి నడపాలి. అంచుకు అడ్డంగా దువ్వెన పగుళ్లు కనిపిస్తే కూలెంట్ కట్టేయాలి.